పరుగెత్తితే విజిల్ ఊదు తమ్ముడూ

తమ్ముడికి ఆశీస్సులు.

మీ ఊళ్లో పెద్దవాళ్ల చేత నడక ఫుట్‌బాల్ ఆడిస్తానన్నావు. చాలా సంతోషం. ఇక్కడ బుచ్చిరెడ్డిపాలెం దగ్గర స్కూల్ గ్రౌండ్‌లో మూడేళ్లుగా ఆడిస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు విజిల్ సంగతి. ఈ ఆటలో పరుగు లేదు. ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉండాలి. ఎవరు పరుగెత్తినా విజిల్ ఊది బంతి అవతలి జట్టుకిచ్చెయ్. 2011లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో ఈ ఆట మొదలైందే యాభై దాటినవాళ్ల కోసం. నేను మొదట్లో మొహమాటపడ్డాను. వయసులో కబడ్డీ బాగా ఆడినాయన ఒకరు బంతి కనపడితే ఆగేవాడు కాదు. పెద్దాయన కదా అని ఊరుకున్నాను. ఒకరోజు తొడ పట్టేసి మూడు వారాలు మంచం దిగలేదు. ఈలోగా ఆయన వేగానికి భయపడి, మెల్లగా నడిచే నలుగురు రావడం మానేశారు. ఆట పెట్టింది వాళ్ల కోసమే కదా! ఇళ్లకు వెళ్లి బతిమాలి మళ్లీ తెచ్చుకోవడానికి రెండు నెలలు పట్టింది.

తోసుకోవడం, కాలు అడ్డం పెట్టడం వద్దు. బంతి నడుము ఎత్తు దాటకూడదని మేం పెట్టుకున్నాం. జట్టుకు ఐదారుగురు చాలు. గోల్‌కు నాలుగు ఇటుకలు పెట్టుకోండి. ఆటకు ముందు రాళ్లు, పల్లేరుకాయలు ఏరించు. హవాయి చెప్పులతో ఎవర్నీ దిగనివ్వకు, కాన్వాస్ బూట్లు కొనుక్కోమను.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలేలా శ్రమపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేం వారానికి మూడు రోజులు, రోజుకు 50 నిమిషాలు ఆడతాం. బీపీ, షుగర్ అదుపులో ఉండటానికి ఇది సాయం చేస్తుంది. ఒంటికాలి మీద నిలబడి బంతి తన్నుతారు కాబట్టి తూలి పడకుండా నిలదొక్కుకోవడం కూడా అలవాటవుతుంది. ఆడుతూ మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే కూర్చోబెట్టు. గుండెలో నొప్పి అంటే మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లను ఖాళీ కడుపుతో రానివ్వకు. కాస్త రాగిజావ తాగి రమ్మను. ఆటలో ఎవరికైనా షుగర్ పడిపోతే ఇవ్వడానికి నీ జేబులో నాలుగు బెల్లం ముక్కలు ఉంచుకో. మీ కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఉంటారు. డాక్టర్ సరేననకుండా వాళ్లను ఆటలోకి దింపకు. అలాగని ఇంటి దగ్గర వదిలెయ్యకు. కుర్చీ వేసి లెక్క రాయమను, విజిల్ ఇవ్వు. ఎండాకాలం పొద్దున ఆరుకు మొదలుపెట్టి ఏడుకల్లా ముగించు. రోహిణి కార్తెలో ఆపెయ్.

ఆట అయ్యాక టీ తప్పనిసరి. ఆ అరగంట కోసమే వచ్చేవాళ్లున్నారు. మా దగ్గర ఒకాయనకు భార్య పోయింది, పిల్లలు బెంగళూరులో ఉంటారు. ఏడాది పాటు గడప దాటలేదు. మొదటి నెలంతా చెట్టుకింద కూర్చుని చూశాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఒకరోజు బంతి తన దగ్గరికి దొర్లితే లేచి తన్నాడు. ఇప్పుడు అందరికంటే ముందొచ్చి ఇటుకలు సర్దేది ఆయనే.

ఒక నోట్‌బుక్ పెట్టి పేర్లు రాసుకో. ఎవరైనా వరసగా రెండు ఆటలకు రాకపోతే ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లు. ఫోన్‌తో సరిపెట్టకు.

ఇట్లు,
మీ అన్నయ్య