అగ్నిమాపక శాఖలో చేరడమంటే ప్రాణాలకు తెగించడమేనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాడు. బీటెక్‌లో చేరమంటే వద్దని, అగ్నిమాపక రంగంలోకి వెళ్తానని పట్టుబడుతున్నాడు. అందులో రిస్క్ మేనేజ్‌మెంట్ నేర్పుతారు కాబట్టి నేను భయపడుతున్నంత ప్రమాదం ఉండదంటాడు. మంటల్లోకి వెళ్లే ఉద్యోగంలో రిస్కును మేనేజ్ చేయడం ఏమిటో నాకు అంతుబట్టడం లేదు. మాకు ఒక్కడే కొడుకు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అబ్బాయి చెప్పినదానిలో సగం నిజముంది. మీ భయంలోనూ సగం నిజముంది, అయితే అది మీరు అనుకుంటున్న చోట లేదు. ముందుగా ఆ చదువు ఏమి నేర్పుతుందో చెబుతాను.

అమెరికాలోని ఫీనిక్స్ నగర అగ్నిమాపక దళానికి చాలాకాలం అధిపతిగా పనిచేసిన అలన్ బ్రూనసీనీ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటి ఈ రంగంలో చాలా దేశాల్లో వినిపిస్తుంది. కాపాడగలిగిన ప్రాణం లోపల ఉన్నప్పుడు, లెక్క వేసుకుని, పెద్ద ముప్పుకైనా సిద్ధపడవచ్చు. కాపాడగలిగిన ఆస్తి మాత్రమే ఉన్నప్పుడు కొద్దిపాటి ముప్పును మించి తలకెత్తుకోకూడదు. ప్రాణమైనా ఆస్తి అయినా అప్పటికే పోయిందని తేలినప్పుడు సిబ్బందిలో ఒక్కరిని కూడా ముప్పులోకి పంపకూడదు. అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం రూపొందించగా 1987లో తొలిసారి వెలువడిన ఎన్.ఎఫ్.పి.ఎ. 1500 అనే భద్రతా ప్రమాణంలోనూ తరువాతి కాలంలో ఇదే ఆలోచన చోటుచేసుకుంది. ఇందులో బరువంతా ‘కాపాడగలిగిన’ అన్న మాట మీదే ఉంది. లోపల మనిషి ఉన్నాడా, ఉంటే ఇంకా బతికి ఉండే అవకాశం ఉందా, అతని దగ్గరకు చేరి తిరిగి వచ్చేంత సమయం ఆ కట్టడం ఇస్తుందా అన్న మూడు ప్రశ్నలకు అరకొర సమాచారంతో, ఒకటి రెండు నిమిషాల్లో జవాబు వెతకడమే ఘటనా స్థలంలో సిబ్బందిని నడిపించే అధికారి పని.

జవాబు తప్పితే ఏమవుతుందో 1999 డిసెంబరు 3న అమెరికాలోని వూస్టర్ పట్టణంలో తేలింది. మూతపడిన ఒక పాత శీతల గిడ్డంగిలో మంటలు లేచాయి. ఇల్లులేని వాళ్లు ఇద్దరు లోపల చిక్కుకుని ఉండవచ్చని సమాచారం రావడంతో వెతకడానికి వెళ్లిన ఇద్దరు సిబ్బంది, కిటికీలు లేని ఆ చీకటి కట్టడంలో దారి తప్పారు. వారిని వెతుకుతూ వెళ్లిన మరో నలుగురూ తిరిగి రాలేదు. తీరా చూస్తే లోపల ఉన్నారనుకున్న ఆ ఇద్దరూ అంతకుముందే బయటికి వెళ్లిపోయారు. ఆ రాత్రి ఇంకా లోపలికి వెళ్లడానికి సిద్ధంగా నిలబడ్డ తన మనుషులను, స్నేహితులు లోపలే ఉన్నారని తెలిసి కూడా, ద్వారం దగ్గర అడ్డుకుని ఆపినవాడు అక్కడి అధికారే. నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం అదే.

ఇక మన ఊరి సంగతి. రిఫైనరీ, ఓడరేవు, ఉక్కు కర్మాగారం, ఫార్మా పరిశ్రమలు ఉన్న నగరంలో ఫైర్ స్టేషన్‌కు వచ్చే ప్రతి ఫోనూ మంటల గురించే అయి ఉండదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మందిని బలిగొన్నది ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి. అది గాలికంటే బరువైనది కనుక నేలబారుగా పాకుతుంది, పల్లపు ప్రాంతాల్లో నిలుస్తుంది. అలాంటి చోటికి గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చూసుకోకుండా వెళ్లిన రక్షకుడు తానే మరో బాధితుడవుతాడు. ముప్పు నిర్వహణలో మొదటి మెట్టు ప్రమాద కారకాన్ని గుర్తించడమని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. ఆ వాక్యం వెనుక రసాయన శాస్త్రం ఎంతుందో వెంకటాపురం చెబుతుంది. మీ అబ్బాయికి రసాయన శాస్త్రమంటే విసుగైతే ఇప్పుడే చెప్పమనండి.

రెండో మెట్టు, ఒక ప్రమాదం ఎంత తరచుగా రాగలదు, వస్తే ఎంత నష్టం చేయగలదు అన్న రెంటినీ కలిపి తూచడం. మూడోది అదుపు చర్య. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో పడవలు తగలబడినప్పుడు, కాలుతున్న పడవల తాళ్లు కోసి నీటిలోకి వదిలితే గాలి, నీటి వాలు వాటిని మళ్లీ జెట్టీ వైపే తోసుకొచ్చాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. ప్రాణప్రదమైన పడవలను కాపాడుకోవాలన్న ఆ మత్స్యకారుల ఆలోచనను తప్పుపట్టలేం. అయితే ఒక అదుపు చర్య ముప్పును తొలగిస్తున్నదా, లేక చోటు మారుస్తున్నదా అని ముందే అడగాలన్నది శిక్షణలో నేర్పే విషయం. పైగా ఆ పడవల్లో డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు ఉంటాయి.

ఈ లెక్క నిజంగా లెక్కే అని చూపడానికి ఒక ఉదాహరణ. పొగలోకి వెళ్లేవారు వీపున తగిలించుకునే బీఏ సెట్‌ (శ్వాస పరికరం)లో 6 లీటర్ల సిలిండర్‌ను 300 బార్ పీడనంతో నింపితే సుమారు 1800 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలు రావాలి. కానీ నీళ్లు నిండిన గొట్టం లాగుతూ మెట్లెక్కే మనిషి నిమిషానికి 80 లీటర్లు పీల్చవచ్చు. హెచ్చరిక విజిల్ మోగే 50 బార్ల నిల్వను పక్కన పెడితే అతని చేతిలో మిగిలేవి 19 నిమిషాలకు లోపే, వాటిలోనే తిరుగు దారి కూడా ఉంది. అందుకే జంటగా తప్ప లోపలికి పంపరు, వెళ్లిన సమయాన్ని బయట ఒకరు రాసుకుంటారు, ఫలానా పీడనం దగ్గర వెనుదిరగాలని ముందే నిర్ణయిస్తారు. అంత శక్తి మిగిలి ఉండగా వెనక్కి రావడం పిరికితనంగా తోచే కుర్రవాడికి ఈ వృత్తి సరిపడదు.

ఇప్పుడు మీ భయం సంగతి. అమెరికాలో విధి నిర్వహణలో మరణించిన అగ్నిమాపక సిబ్బంది లెక్కలను ఏళ్ల తరబడి పరిశీలించినవారు గమనించినదేమిటంటే, మంటల్లో కాలిపోయినవారికంటే శ్రమ వల్ల గుండె ఆగి మరణించినవారే ఎక్కువ. ఘటనా స్థలానికి వెళ్తూ వస్తూ జరిగే రోడ్డు ప్రమాదాలూ తక్కువేమీ కావు. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: అబ్బాయి రోజూ వ్యాయామం చేస్తాడా, సిగరెట్ కాలుస్తాడా, బండి నడిపేటప్పుడు హెల్మెట్ పెట్టుకుంటాడా? సొంత ముప్పును లెక్క చేయనివాడు ఇతరుల ముప్పును లెక్కించలేడని నేను గట్టిగా నమ్ముతాను.

మార్గాలు పలు రకాలు. రాష్ట్ర విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ నియామకాలు ఒకటి. సీఐఎస్ఎఫ్‌లో ఫైర్ విభాగానికి కానిస్టేబుల్ ఎంపిక వేరుగా జరుగుతుంది, దానికి సైన్స్‌తో ఇంటర్ అడుగుతారు. విమానాశ్రయాల సంస్థ ఫైర్ సర్వీస్ పోస్టులకు మెకానికల్ డిప్లొమాను పరిగణిస్తూ వచ్చింది కనుక మీ అబ్బాయికి అది దగ్గరి దారి. డ్రైవింగ్ లైసెన్స్ ఇప్పటినుంచే చూసుకోమనండి. అర్హతలు, వయసు ఒక్కో నోటిఫికేషన్‌లో మారుతుంటాయి. ఇంజినీరింగ్ స్థాయిలో చదవాలనుకుంటే నాగ్‌పూర్‌లోని జాతీయ ఫైర్ సర్వీస్ కళాశాల, కొచ్చిన్ విశ్వవిద్యాలయపు సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్ కోర్సు ఉన్నాయి. పెద్ద కర్మాగారాల్లో సేఫ్టీ ఆఫీసర్‌ను నియమించాలని చట్టం చెబుతున్నందున మన ప్రాంతంలో ఆ ఉద్యోగాలకూ చోటుంది, అయితే ఆ పోస్టుకు పనికొచ్చే డిప్లొమా ప్రభుత్వ గుర్తింపు ఉన్నదై ఉండాలి. మూడు నెలల్లో గల్ఫ్ ఉద్యోగమంటూ గోడల మీద రాసే ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ శిక్షణలకు డబ్బు కట్టే ముందు ఆ గుర్తింపు పత్రాన్ని చూపించమని అడగండి. చూపించడానికి తడబడితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో, పత్తి బేళ్లతో పాటు పేలుడు పదార్థాలు కూడా ఉన్న ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి మరణించిన సిబ్బంది జ్ఞాపకార్థం అవి మొదలయ్యాయి. ఆ వారంలో అబ్బాయిని వెంటబెట్టుకుని దగ్గరలోని స్టేషన్‌కు వెళ్లండి. విన్యాసాలు చూశాక అక్కడి అధికారిని ఒక్క మాట అడగండి: మీ మనుషులను లోపలికి వెళ్లవద్దని మీరు చివరిసారి ఎప్పుడు ఆపారు, ఎందుకు? ఆయన చెబుతున్నంతసేపూ ఆయన వైపు కాక మీ అబ్బాయి ముఖం వైపు చూడండి.