పొదిగింది ఎవరు, కోడా గుడ్డా?

సందేహం: గురువుగారికి నమస్కారం. మేం పెరట్లో నాటుకోళ్ళు పెంచుతున్నాం. ఈమధ్య ఒక పెట్ట పొదుగుడుకొస్తే మా అత్తయ్యగారు దాని కింద ముందు బాతుగుడ్లు పెట్టి, వారం పోయాక కోడిగుడ్లు కూడా చేర్చారు. అన్నీ ఇంచుమించు ఒకేసారి పిల్లలయ్యాయి. ఆ సంతోషంలో చుట్టాల గ్రూపులో "మా గుడ్లు పొదిగాయి" అని పెట్టాను. అత్తయ్యగారు చూసి "గుడ్లు పొదగడమేంటే, పొదిగింది కోడి కదా" అని ఒకటే నవ్వు. మావారేమో "పొదగబడ్డాయి" అంటే గ్రామర్ ప్రకారం కరెక్ట్ అంటారు. ఏది ఒప్పు? బంగారంలో రాళ్ళు పొదగడం అంటాం కదా, అదీ ఇదీ ఒకే మాటా?

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో భాష తెలిసిన మనిషి మీ అత్తగారు. కోళ్ళ సంగతీ ఆవిడకే తెలుసు, బాతుగుడ్డు పిల్లవ్వడానికి 28 రోజులు, కోడిగుడ్డుకి 21 రోజులు, అందుకే వారం తేడాతో పెట్టారు, లేకపోతే కోడిపిల్లలు లేవగానే తల్లి వాటిని వెంటేసుకుని వెళ్ళిపోతే బాతుగుడ్లు చల్లారిపోయేవి. ఇంత లెక్క తెలిసిన మనిషి క్రియాపదంలో తప్పుతుందా చెప్పండి. మీవారి "పొదగబడ్డాయి" మాత్రం నాకు వద్దు. ఈ "బడు" పిచ్చి ఆఫీసు నోటీసుల్లోంచి పేపర్లలోకీ, పేపర్లలోంచి ఇళ్ళలోకీ పాకింది, "నీరు సరఫరా చేయబడును" దగ్గర మొదలై ఇప్పుడు కోళ్ళగూటి దాకా వచ్చింది. గుడ్డు పొదగబడితే అన్నం తినబడుతుంది, కాఫీ తాగబడుతుంది, ఇంక మనం మాట్లాడుకోవడం ఎందుకు.

సరే, మాటలోకి వద్దాం. పొదుగు అనే క్రియకి అసలు అర్థం కప్పడం, చుట్టూ మూయడం, లోపల పెట్టి పట్టుకోవడం. అందులో వేడి లేదు, పుట్టుక లేదు, పిల్ల అసలే లేదు. పక్క భాషలు చూడండి. కన్నడంలో మొదటి ప హ అయిపోతుంది కాబట్టి అక్కడ హొదిసు అంటే కప్పు, హొదికె అంటే కప్పుకునేది, బెంగళూరులో చలికాలం అద్దెకున్న మనవాళ్ళకి ఈ మాట తెలిసే ఉంటుంది. తమిళంలో పొది అంటే మూట. మలయాళంలో పొదిచోఱు అంటే అరిటాకులో చుట్టి కట్టిన అన్నం, కేరళ వెళ్ళినప్పుడు దొరికితే తినండి, చాలా బాగుంటుంది. మన దగ్గర అమ్ములపొది ఉంది, బాణాలు లోపల పెట్టుకునేది. మంగలిపొది ఉంది, కత్తులూ కత్తెరలూ పెట్టుకునేది. బిడ్డని గుండెలకి పొదివి పట్టుకుంది అంటాం, అదీ ఈ ఇంటి పిల్లే. పొద, పొదరిల్లు కూడా ఇక్కడే చేర్చేవాళ్ళున్నారు, నేను వాటిని గుమ్మం దగ్గర నిలబెట్టాను, లోపలికి రమ్మని ఇంకా అనలేదు. ఆవు పొదుగు నామవాచకం, ఇప్పుడు దాని జోలికి పోను.

కాబట్టి మీ రెండో ప్రశ్నకి జవాబు దొరికినట్టే. రెండూ ఒకే మాట. కంసాలి రాయిని గుంటలో కూర్చోబెట్టి చుట్టూ బంగారపు అంచు వంచి కదలకుండా మూస్తాడు, అది పొదగడం. పెట్ట రెక్కలు కాస్త విప్పి, పొట్టకింద ఈకలు తొలగించి గుడ్లని ఒంటికి ఆనించి మూసి కూర్చుంటుంది, అదీ పొదగడమే. బ్రౌన్ దొర 1852 లో అచ్చయిన తన నిఘంటువులో ఈ రెండర్థాలూ ఇచ్చాడు.

ఇప్పుడు తగాదా ఎక్కడొచ్చిందంటే, ఇంగ్లీషులో హాచ్ అన్న మాట ఒక్కటే అన్ని పనులూ చేస్తుంది, అక్కడ కోడీ హాచ్ చేస్తుంది, గుడ్డూ హాచ్ అవుతుంది, పిల్లా హాచ్ అవుతుంది. మనం దానికి తెలుగు వెతికి పొదుగు అని ఒకే ముద్ర కొట్టేశాం. తెలుగుకి ఆ దరిద్రం లేదు. కోడి పొదుగుతుంది. గుడ్డు పగులుతుంది. పిల్ల లేస్తుంది. ముగ్గురికి మూడు క్రియలు. "పన్నెండు పెడితే పది లేచాయి, రెండు మురిగిపోయాయి" అని ఊళ్ళో ఆడవాళ్ళు చెప్పే వాక్యం చూడండి, కోడి పేరూ లేదు, గుడ్డు పేరూ లేదు, అయినా ఎవరికి ఏం జరిగిందో పూర్తిగా తెలిసిపోతుంది. మొత్తంగా చెప్పాలంటే కోడి పిల్లల్ని లేపింది అంటారు, గుడ్లు పిల్లలయ్యాయి అంటారు. మీరు ఉత్తరంలో "పిల్లలయ్యాయి" అని చక్కగానే రాశారు, ఫోను పట్టుకునేసరికి అది ఎటు పోయిందో మరి.

పైగా ఇక్కడ భాష చెప్పేది నిజం కూడా. ఆఖర్లో గుడ్డు పగలగొట్టేది తల్లి కాదు, లోపలున్న పిల్లే. ముక్కు చివర దానికి చిన్న గట్టి మొన ఉంటుంది, దాంతో లోపల్నించి పెంకుకి చిల్లు పెడుతుంది, ఆ తర్వాత చాలాసేపు, ఒక్కోసారి రోజంతా, ఆగి ఆగి కొట్టుకుంటూ చుట్టూ తిరిగి బయటపడుతుంది. ఆ మొన కొన్నాళ్ళకి రాలిపోతుంది. తొందరపడి మనం పెంకు ఒలిచామా, రక్తం కారి పిల్ల పోవచ్చు. బయటపడే ముందే పచ్చసొన మిగిలిందంతా కడుపులోకి లాగేసుకుంటుంది కాబట్టి రెండు రోజుల దాకా మేత లేకపోయినా తట్టుకుంటుంది, లేవగానే నూకలు పోయలేదే అని కంగారు పడక్కర్లేదు. తల్లి పని ఆ 21 రోజులూ మూసి కూర్చోవడం, మధ్యమధ్య ముక్కుతో గుడ్లు దొర్లించడం, రోజుకోసారి లేచి మేతా నీళ్ళూ చూసుకుని మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఇదీ పొదగడం. ఫలితం ఇందులో లేదు. మూడు వారాలు పొదిగినా ఒక్క పిల్లా లేవకపోవచ్చు, అప్పుడూ "కోడి పొదిగింది" అన్న వాక్యం తప్పు కాదు.

ఇక్కడ నాకు రాయలవారు గుర్తొస్తారు, ఎప్పుడూ వస్తూనే ఉంటారు, ఏం చెయ్యను. మీ బాతుగుడ్ల మాట చదవగానే ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో విలిపుత్తూరు వర్ణన కళ్ళముందు నిలబడింది. "తలఁ బక్షచ్ఛటఁ గ్రుచ్చి బాతువులు" అని మొదలవుతుంది పద్యం. తెల్లవారుజామున వరిపొలాల మధ్య కాలవగట్టు మీద బాతులు తలలు రెక్కల్లో దూర్చుకుని నిద్రపోతున్నాయి. దూరం నించి తెల్లగా ముద్దలుగా కనపడుతున్నాయి. ఆరెకులు, అంటే కావలివాళ్ళు, వాటిని చూసి ఇవేవో తెల్లారే స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మలు పిండి ముద్దచేసి మరిచిపోయిన బట్టలు అనుకుని, పాపం ఇళ్ళకి చేర్చేద్దామని రేవులోకి దిగుతారు. అవి ఒక్కసారిగా లేచి పరుగు. చేలో కాపలా ఉన్న ఆడపిల్లలు చూసి నవ్వుతారు. ఒక చక్రవర్తి, యుద్ధాల మీద యుద్ధాలు చేసినవాడు, బాతు ఎట్లా నిద్రపోతుందో చూశాడు, తల మెడ మీద పెట్టుకుని కాదు, వెనక్కి తిప్పి రెక్కలోకి గుచ్చి అని. గుచ్చి అన్న మాటే చూడండి. పెరట్లో బాతులున్నవాళ్ళు రాత్రి టార్చి వేసి చూస్తే ఆ పద్యానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

నాకు ఆ పద్యంలో ఇంకో తమాషా కనిపిస్తుంది. బ్రాహ్మల బట్టలకి ఆయన వాడిన మాట "ద్విజావలి పిండీకృత శాటులన్". ద్విజుడంటే బ్రాహ్మణుడు. ద్విజమంటే పక్షి కూడా. రెండుసార్లు పుట్టినది, ఒకసారి గుడ్డుగా, ఇంకోసారి గుడ్డులోంచి. బ్రాహ్మడికి రెండో పుట్టుక ఉపనయనం, పక్షికి పెంకు పగలడం. అంటే ద్విజుల బట్టలనుకుని పట్టుకోబోతే అవే ద్విజాలై లేచి పరిగెత్తాయి. రాయలు ఈ చిలిపితనం తెలిసే చేశాడని నేను పందెం కాస్తాను, ఛందస్సుకి పడిందిలే అని కొట్టిపారేసేవాళ్ళు కొట్టిపారేసుకోవచ్చు. మన సందేహానికి కూడా ఈ మాట పనికొస్తుంది. పెట్టడం మొదటి పుట్టుక, లేవడం రెండో పుట్టుక, ఈ రెంటికీ మధ్య జరిగేదంతా పొదగడం. రెండో పుట్టుకకి కూడా ఆ మాటే వాడేస్తే మధ్యలో మూడు వారాలు కోడి పడ్డ కష్టానికి పేరు లేకుండా పోతుంది.

పాపం బాతుకి ఈ గొడవే తక్కువ. పెంపుడు బాతు గుడ్లు పెడుతుంది గానీ వాటి మీద నిలకడగా కూర్చునే రకం కాదు, అందుకే మన ఊళ్ళలో ఎప్పట్నించో బాతుగుడ్లు కోడి కింద పెడతారు. పిల్లలు పెరిగి నీళ్ళు కనపడగానే దిగిపోతాయి, గట్టు మీద కోడి గగ్గోలు పెడుతూ అటూ ఇటూ పరిగెడుతుంది. ఆ తమాషా మీకింకా ముందుంది.

ఇంక్యుబేటర్ సంగతి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. మిషన్ పొదిగింది అనవచ్చా? ఈకలు లేవు, రెక్కలు లేవు. కానీ ధాతువు అడిగేది కప్పడం మూయడం, పెట్టె ఆ పని చేస్తోంది, లోపల 37.5 డిగ్రీల దగ్గర వేడి నిలుపుతోంది, తేమ చూస్తోంది, 18వ రోజు దాకా గుడ్లు తిప్పుతోంది, కాబట్టి అభ్యంతరం లేదు. ఇంకా బాగా చెప్పాలంటే "మిషన్‌లో పొదిగించాం" అనండి, పొదిగించు అని మనకి చక్కటి ప్రేరణ రూపం ఉంది. "పొదిగింపజేయడమైనది" అని రాసినవాళ్ళని మాత్రం గంపకింద మూయాలి. మిషన్ మాట ఇంత అవసరం ఎందుకయిందంటే ఎక్కువ గుడ్లు పెట్టే జాతుల్లో పొదిగే బుద్ధి దాదాపు పోయింది, లెగ్‌హార్న్ పెట్టకి గుడ్డు పెట్టి వెళ్ళిపోవడమే తెలుసు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కూడా పొదుగుడులో నాటుకోడి పక్కన నిలబడలేవు. నాటుపెట్ట, అందులో అసీల్ పెట్ట, కూర్చుందంటే చెయ్యి పెట్టనివ్వదు, ఈకలు రిక్కించి గుర్రుమంటుంది.

లేచిన పిల్లల్ని బల్బు వేడితో వెచ్చగా ఉంచే బ్రూడర్‌కి తెలుగేమిటని ఇంకొకరు అడుగుతారు. కుంపటి అనేవాళ్ళని విన్నాను, బాగానే ఉంది, నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లారదనుకున్న ముసలమ్మ ఆస్తి రెండూ ఒకేచోట చేరతాయి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. పిల్లలు బల్బు కిందకి ముద్దగా చేరితే చలి, దూరంగా పోయి నోళ్ళు తెరిస్తే వేడి. ఇంకో మాట, కొక్కెర తెగులు టీకా మర్చిపోకండి, మొదటి వారంలోనే కంట్లో చుక్క వేస్తారు. రాణిఖేత్ అని అందరూ అనేది దీన్నే, అది ఉత్తరాఖండ్‌లో ఊరి పేరు, మనకి అంతకన్నా మంచి పేరున్నా డాక్టరుగారి దగ్గర రాణిఖేతే అంటాం.

తీర్పు అడిగారు కాబట్టి చెప్తున్నాను. "కోడి పొదిగింది", "గుడ్లు పిల్లలయ్యాయి", "పిల్లలు లేచాయి", ఇవి నిస్సందేహంగా ఒప్పు. "గుడ్లు పొదగబడ్డాయి", వద్దు. "గుడ్లు పొదిగాయి", పాఠ్యపుస్తకంలో కనపడితే ఎర్ర సిరా పెడతాను. చుట్టాల గ్రూపులో అయితే వదిలేస్తాను, కర్మని కర్తగా వాడేయడం మన నోళ్ళకి అలవాటవుతోంది, ఇంకో రెండు తరాలు అందరూ అట్లాగే అంటే అప్పటి నిఘంటువు రాసేవాడు నన్ను అడగడు కూడా. ఈలోగా మీరు గ్రూపులో పెట్టింది ఎడిట్ చేసి "మా పెట్ట పిల్లల్ని లేపింది" అని పెట్టండి, అత్తగారికి చూపించండి.