‘సంకరజాతి రచయిత’ అనవచ్చునా?

సందేహం: పెరూ సాహిత్యం మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ఇన్కా గార్సిలాసో తండ్రి స్పానిష్ సేనాని, తల్లి ఇన్కా రాజవంశీకురాలు. ‘ఈ సంకరజాతి రచయిత తమ జాతి సాహిత్యానికి ఆద్యుడు’ అని రాస్తే మిత్రులు తప్పన్నారు. సంకరం అలంకారశాస్త్రంలో ఉన్న మాటే కదా? – ఒక పాఠకురాలు, యానాం

సమాధానం: అలంకారాల్లో సంకరానికి ఏ దోషమూ లేదు. నువ్వులూ బియ్యమూ కలిసినట్టు అలంకారాలు విడివిడిగా తెలిస్తే సంసృష్టి, పాలూ నీళ్లూ కలిసినట్టు కలిసిపోతే సంకరం. మనుషుల పుట్టుకకు తగిలిస్తే మాత్రం వెంటనే వర్ణసంకరం గుర్తొస్తుంది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు భయపడింది దానికే. పైగా మన డెల్టాలో ‘సంకరజాతి’ వినబడేది పాలకేంద్రం దగ్గర, ఆవుల గురించి. మీ మిత్రుల మాటే ఒప్పు.

గార్సిలాసో 1539లో కుస్కోలో పుట్టాడు. ‘మెస్తీసో’ అంటే అక్కడివాళ్లు చిన్నచూపుగా తీసుకునే రోజుల్లో, ఆ పేరుతో నన్ను నేనే నోరారా పిలుచుకుంటాను, అది నాకు గౌరవం అని రాసుకున్నాడు. ఆ మాటలున్న ఆయన గ్రంథం ‘కొమెంతారియోస్ రియాలెస్’ 1609లో లిస్బన్‌లో అచ్చయింది. ఆయన కోరి పెట్టుకున్న పేరును అనువాదకులు తీసేయకూడదు. ‘మెస్తీసో’ అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట ‘యూరప్ వంశమూ స్థానిక వంశమూ కలిసినవాడు’ అని ఒక్క ముక్క చేర్చితే చాలు.

‘క్రియోల్’ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మీ యానాం 1954 దాకా ఫ్రెంచివారిది. పుదుచ్చేరి వాడుకలో క్రియోల్ అంటే ఫ్రెంచి, భారతీయ వంశాలు కలిసిన కుటుంబం. మీకు ముందు తట్టేది ఆ అర్థమే. పాత స్పానిష్ అమెరికాలో మాత్రం అది అక్కడే పుట్టిన స్పానిష్ సంతానానికి పేరు. దాన్ని ‘మిశ్రమ’ అని రాస్తే ఆ స్పానిష్ వంశీకులు కాస్తా మెస్తీసోలైపోతారు.

ఇక ‘జాతి’. కులం, దేశప్రజ, రంగునుబట్టి చేసే విభజన, పశువుల రకం అన్నిటికీ మనకు ఇదే మాట. ఒకే వాక్యంలో రెండు అర్థాల్లో వాడితే వాదమే చెడుతుంది. వ్యక్తి పుట్టుకకు ‘వంశం’, దేశానికి ‘జాతీయ’ అని విడదీయండి: ‘స్పానిష్, ఇన్కా వంశాలు రెంటికీ వారసుడైన ఈ మెస్తీసో రచయిత పెరూ జాతీయ సాహిత్యానికి ఆద్యుల్లో ఒకడు.’

ఎక్కడైనా ఒక పాత్ర ఎదుటివాణ్ణి పుట్టుక ఎత్తి తిడితే, అక్కడ మాత్రం ‘సంకరజాతి’ అనే రాయండి. మెత్తబరిస్తే మూలంలోని అవమానం పాఠకుడికి అందదు.