చిన్నీ, ముందు ఇసుకలో చెయ్యి పెట్టి చూడు

చిన్నీ,

బెంగళూరు పీణ్యలో మీ ఫౌండ్రీలో బ్లోహోల్స్, అదే పోతలో ఆవిరి బుడగల వల్ల పడే బొక్కలు, తగ్గించడానికి టగుచి పద్ధతిలో, అంటే కొద్ది ట్రయల్స్‌తోనే చాలా కారణాలను పరీక్షించే పద్ధతిలో, ట్రయల్స్ చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నా మేనకోడలు పోత పని పట్టిందని వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

ఇసుకలో తేమ, ఇసుకను పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి, మోల్డ్ (ఇసుక అచ్చు) గట్టిదనం, పోత వేడి అనే నాలుగింటికి మూడేసి స్థాయిలంటే మొత్తం 81 కలయికలు. ఏ ట్రయల్‌లో దేన్ని ఏ స్థాయిలో పెట్టాలో చెప్పే ఎల్9 పట్టికతో 9 ట్రయల్స్ చాలు. ఈ పట్టికల వెనకున్న ఆర్తోగోనల్ ఎరేల (ఏ రెండు కాలమ్‌లు చూసినా స్థాయిల జతలన్నీ సమానంగా వచ్చే పట్టికల) గణితానికి 1940లలో పునాది వేసింది మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావుగారు. నాకది ఇప్పటికీ గర్వమే. అయితే నాలుగు కాలమ్‌లూ నింపేస్తే తేమ ప్రభావం బెంటొనైట్‌ని బట్టి ఎలా మారుతుందో విడదీసి చూడలేవు. ట్రయల్ నంబరు సుద్దతో రాయించకు, ఇనుప గుళ్లతో కొట్టి శుభ్రం చేసే షాట్ బ్లాస్టింగ్‌లో పోతుంది. ఇసుకలో అచ్చు తీసే ప్యాటర్న్ మీదే నంబరు పెట్టించు.

ఇక నా తప్పు సంగతి. చెన్నై అంబత్తూరులో ఫౌండ్రీలో పనిచేసేటప్పుడు ఆ 9 ట్రయల్స్‌నీ పట్టికలో ఉన్న వరుసలోనే ఒక్క రోజులో చేసేశాను. మొదటి కాలమ్‌లో తేమ పెట్టాను. అంటే పొద్దున మూడూ తక్కువ తేమతో, మధ్యాహ్నం మూడూ మధ్యస్థంగా, సాయంత్రం మూడూ ఎక్కువ తేమతో జరిగాయి. సాయంత్రం పోసిన వాటి నిండా బ్లోహోల్సే. తేమదే తప్పని తేల్చేసి, మళ్లీ ఒక్కసారైనా సరిచూడకుండా తేమ తగ్గించేయమన్నాను.

వారం తిరిగేసరికి మోల్డ్ అంచులు పొడిపొడిగా రాలి కాస్టింగుల్లోకి ఇసుక చేరింది. సాయంత్రం బ్లోహోల్స్ మాత్రం తగ్గలేదు. కస్టమర్ తిప్పి పంపిన లారీ సరుకును నేనే దగ్గరుండి దింపించాను.

ఆ రోజు ఒక పెద్దాయన, మా మోల్డరు, నా చెయ్యి పట్టుకుని నాకౌట్ (మోల్డ్ పగలగొట్టి కాస్టింగ్ బయటికి తీసే చోటు) నుంచి వచ్చిన ఇసుక కుప్పలో పెట్టాడు. చుర్రుమంది. రాత్రంతా చల్లారిన ఇసుకతో పొద్దున మొదలుపెడతాం. అదే ఇసుక తిరిగి తిరిగి సాయంత్రానికి వేడెక్కిపోతుంది. ఆ వేడి ఇసుక ఆవిరి కాస్టింగ్‌లో బోలు కోసం మోల్డ్ లోపల పెట్టే చల్లటి కోర్ మీద నీరై దిగుతుంది. లోహం తగలగానే ఆ నీరే మళ్లీ ఆవిరై బుడగ కడుతుంది. ఆయనకది ఎప్పటినుంచో తెలుసు. నేనే అడగలేదు.

అందుకని వరుసను చీటీలు వేసి కలిపెయ్యి. ప్రతి ట్రయల్‌కీ ఇసుక ఉష్ణోగ్రత రాయి. సుమారు 50 డిగ్రీలు దాటితే ఆపు. కుదరదని సూపర్‌వైజర్ అంటే నువ్వు తగ్గకు. మంచి కలయిక తేలాక దాంతో మళ్లీ పోయించి చూసేదాకా రిపోర్టు మీద సంతకం పెట్టకు. మోల్డర్లని అన్నా అని పిలిచి, పక్కన కూర్చుని అడుగు.

భోజనం మానేసి గ్రాఫులు గీస్తావు, నాకు తెలుసు. తిట్టాలనే ఉంది. కానీ చిన్నప్పుడు మా పెరట్లో తడి ఇసుకలో గ్లాసు నొక్కి అచ్చులు తీసిన పిల్లవే కదా నువ్వు.

నా భయమల్లా కరిగిన లోహం మోసే లాడిల్ గురించే. తడి ఆరని లాడిల్‌లో లోహం పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. పోత సమయంలో దూరంగా నిలబడు, బూట్లు వేసుకో. మొదటి ట్రయల్ రోజు పొద్దున్నే ఫోన్ చెయ్యి. లాడిల్ కాల్చి ఆరబెట్టారా అని అడుగుతాను. నీ కళ్లతో చూసొచ్చి చెప్పు.

మీ మావయ్య