ఆయనకు రుచులు, నాకు సముద్రం… ఎక్కడికి వెళ్లాలి?

వచ్చే ఆగస్టుకు మా పెళ్లయి పదేళ్లు. పిల్లలిద్దరినీ మా అమ్మ దగ్గర వదిలి, తొమ్మిది రోజులు విదేశానికి వెళ్దామనుకున్నాం. నీళ్ల మీద కట్టిన విల్లాలో, చుట్టూ ఎవరూ లేని చోట ఉండాలని నా కోరిక. మావారు భోజనప్రియులు. ‘అంత డబ్బు పోసి ఊరికే పడుకోవడానికా?’ అంటారు. ఆయన రాసుకున్న రెస్టారెంట్ల జాబితా చూస్తే తొమ్మిది రోజులూ తినడానికే చాలవు. మాల్దీవులు, గ్రీస్‌లోని శాంటొరినీ, పసిఫిక్ సముద్రంలోని బోరా బోరా అని నేను, స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ అని ఆయన. నెలరోజులుగా ఇదే గొడవ. ఆ మాటెత్తితే చాలు, ఇద్దరం ముఖాలు తిప్పేసుకుంటున్నాం. అసలు మా అభిరుచులే కలవవేమోనని దిగులుగా ఉంది. ఏ ఊరు ఎంచుకోమంటారు?
– ఓ సోదరి

ముందు ఆ దిగులు తీసి పక్కన పెట్టండి. పదేళ్లు కలిసి కాపురం చేసినవాళ్లకు సెలవుల మీద పేచీ వస్తే అది అభిరుచులు కలవకపోవడం అనిపించుకోదు. మీరిద్దరూ ఊళ్ల పేర్లతో వాదించుకుంటున్నారు గానీ, తనకు ఎలాంటి రోజు కావాలో ఒకరికొకరు చెప్పుకోలేదు. ‘మాల్దీవులు’ అన్నప్పుడు మీ మనసులో ఉన్నది నిశ్శబ్దం. ఆయనకు వినిపించింది బిల్లు. ‘శాన్ సెబాస్టియన్’ అని ఆయన అంటే మీకు మూడు గంటల భోజనాలు కనిపించాయి. ఆయన ఊహించుకున్నది మాత్రం మీతో కలిసి ఒక బారు నుంచి ఇంకో బారుకు నడుస్తూ, ఒక్కోచోట నిలబడి ఒకటో రెండో పించోస్ (రొట్టెముక్క మీద పెట్టిచ్చే చిరుతిండి) తినడం కావచ్చు. అక్కడి అసలు పద్ధతి అదే.

కాబట్టి ఈ ఆదివారం చెరో కాగితం తీసుకోండి. ఊరి పేరు రాయకూడదు. ఆ సెలవులో ఒక రోజు ఎలా గడవాలో నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా గంటల వారీగా రాయండి. ఎన్నింటికి లేస్తారు, ఎంత నడుస్తారు, ఎంతసేపు మాట్లాడకుండా కూర్చుంటారు, రాత్రి భోజనం ఎన్నింటికి, ఎంతసేపు. అన్నీ రాశాక, వదులుకోలేనివి రెండింటికి గీత పెట్టండి, సంతోషంగా వదిలేయగలది ఒకటి కొట్టేయండి. కాగితాలు మార్చుకుని చదవండి. ఆ పూట మాత్రం చర్చ వద్దు, మర్నాడు మాట్లాడుకోండి. చదివిన వెంటనే మాట్లాడితే ఎవరికి వారు తమ కాగితం తరఫున వకాల్తా పుచ్చుకుంటారు.

ఆ తర్వాత చూడాల్సింది నెల. ఊరు దాని వెనక వస్తుంది. చాలామంది ఫొటో చూసి ఊరు ఎంచుకుని, తర్వాత వాతావరణంతో రాజీపడతారు. మీ నాలుగు పేర్లనూ ఆగస్టు పక్కన పెట్టి చూడండి. మాల్దీవుల్లో మే నుంచి అక్టోబరు వరకు నైరుతి రుతుపవనాలు. రోజంతా వాన పడుతుందని కాదు గానీ గాలి, అలలు, మబ్బు. మీరు ఫొటోల్లో చూసిన అద్దంలాంటి నీళ్లు ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ మధ్య తీసినవి. (మాంటా రేలనే పెద్ద రెక్కల చేపలతో ఈదాలనుకునేవాళ్లకు మాత్రం బా అటాల్ అనే దీవుల వలయంలోని హనిఫారు బే దగ్గర ఆగస్టే మంచి కాలం.) శాంటొరినీలో ఆగస్టంటే మెల్టెమి అనే ఉత్తరపు ఈదురుగాలి, ఓయా అనే ఊళ్లో సూర్యాస్తమయం కోసం భుజం భుజం రాసుకునే జనం. పైగా కాల్డెరా (అగ్నిపర్వతం కూలి ఏర్పడ్డ పెద్ద గొయ్యి) వైపు హోటళ్లలో మెట్లే మెట్లు, బీచ్‌లు ద్వీపానికి అవతలి పక్క. బోరా బోరాకు ఆగస్టు మంచి కాలమే. కానీ ముందు తాహితీ అనే పెద్ద ద్వీపం దాకా వెళ్లి, అక్కడినుంచి ముప్పావు గంట పైన ఇంకో విమానం, దిగాక పడవ. ఆసియా నుంచో యూరప్ నుంచో బయల్దేరేవారికి తొమ్మిది రోజుల్లో నాలుగు దాకా దారిలోనే పోతాయి. శాన్ సెబాస్టియన్‌లో ఆగస్టు మధ్యలో ఊరి పెద్ద పండుగ. ఆయన ఆనందంగా ఉంటారు, మీరు కోరుకున్న ఏకాంతం మాత్రం ఉండదు.

తేదీ మార్చలేమంటే థాయ్‌లాండ్ చూడండి. మూడు రాత్రులు బ్యాంకాక్, నాలుగు రాత్రులు కో సముయ్ ద్వీపం. అదే దేశంలో ఆగస్టులో ఫుకెట్, క్రాబీ వైపున ఉన్న అండమాన్ సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. సముయ్ ఉన్న థాయ్‌లాండ్ గల్ఫ్ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టి వానలు, ఆగస్టులో నయం. ఇది తెలియక ‘థాయ్‌లాండ్ కదా’ అని ఏదో ఒక తీరం బుక్ చేసి, గదిలో కూర్చుని వాన చూసే జంటలు ఎందరో. సముయ్‌లో చావెంగ్ బీచ్ సందడి, చోంగ్ మోన్ బీచ్ ప్రశాంతం. అక్కడ బీచ్‌కు ఆనుకుని సొంత ఈతకొలను ఉన్న విల్లా తీసుకోండి. ఆటుపోటు తగ్గినప్పుడు ఎదురుగా ఈదేంత లోతు ఉంటుందో ముందే అడగండి. పక్కనే ఉన్న కో ఫంగన్‌లో పౌర్ణమి రాత్రి పార్టీ జరుగుతుంది కాబట్టి ఆ తేదీలు తప్పించండి, హోటళ్లు నిండిపోతాయి.

వరస కూడా ముఖ్యం. నగరం ముందు, ద్వీపం తర్వాత. తిరిగి తిరిగి అలిసినవాళ్లకు సముద్రం విశ్రాంతి అవుతుంది. ముందే నాలుగు రోజులు ఒళ్లు మరచిపోయాక నగరంలో క్యూలో నిలబడాలంటే చిరాకొస్తుంది.

బ్యాంకాక్ మూడు రోజుల పగ్గాలు ఆయనకివ్వండి, ఒక్క షరతుతో. పొడుగాటి టేస్టింగ్ మెనూ (చిన్న చిన్న వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే భోజనం) మూడు రాత్రుల్లో ఒక్కసారే. పది పన్నెండు వంటకాల భోజనం వరసగా రెండో రోజు ఎవరికీ రుచించదు, పొట్టకూ పడదు. పేరున్న చోట్ల సీట్లు వారాల ముందే అయిపోతాయి, రద్దు చేసుకుంటే తలకింత అని కోత ఉంటుంది. దక్షిణ థాయ్ వంటలు వడ్డించే సోర్న్ రెస్టారెంట్‌కు, రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ 2025 సంచికలో అన్నిటికన్నా పైదైన మూడు నక్షత్రాలొచ్చాయి, థాయ్‌లాండ్‌లో మొదటిసారి. అలాంటిది కావాలంటే ముందు టేబుల్ ఖాయం చేసుకుని, దాని చుట్టూ మిగతా రోజులు అమర్చుకోవాలి. మిగిలిన రెండు రాత్రులూ చైనాటౌన్‌లోని యావరాత్ వీధి బండ్లు చాలు. సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు చాలా బండ్లు ఉండవు. సాయంత్రం జల్లు పడొచ్చు, తినేవాళ్లకు అదేమంత అడ్డు కాదు. కారం మొదటి పూటే వద్దని మాత్రం ఆయనకు గట్టిగా చెప్పండి. ద్వీపంలో మీ మొదటి రెండు రోజులు పాడయ్యేది దాంతోనే.

ఇక నీళ్ల మీది విల్లానే మీ కాగితం మీద గీత పడిన కోరిక అయితే, వేడుకను ఫిబ్రవరికి జరిపి మాల్దీవులకే వెళ్లండి. పెళ్లిరోజున ఇంట్లో చిన్నగా జరుపుకోవచ్చు. అప్పుడు ఆయన భయపడే బిల్లును ముందే కాగితం మీద పెట్టండి. ధర పక్కన ‘ప్లస్ ప్లస్’ అని ఉంటే దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ మొత్తం మీద 17 శాతం పన్ను (2025 జులై నుంచి ఇంతే). అంటే 100 అనుకున్నది 128.70 అవుతుంది. గదికే కాదు, భోజనానికీ మసాజ్‌కూ ఇదే లెక్క. రిసార్టుల్లో గ్రీన్ ట్యాక్స్ అనే పర్యావరణ పన్ను తలకు రాత్రికి 12 డాలర్లు, ఇద్దరికి నాలుగు రాత్రులంటే 96. రిసార్టుకు తీసుకెళ్లే సీప్లేన్ (నీళ్ల మీద దిగే చిన్న విమానం) ఛార్జీ వేరే, రానూపోనూ. ఒక ద్వీపంలో ఒకే రిసార్టు, బయటికెళ్లి తినే వీలు లేదు. హాఫ్ బోర్డ్ అంటే ఉదయం, రాత్రి భోజనాలే. మధ్యాహ్నం బిల్లే అందర్నీ కంగారుపెడుతుంది. మూడు పూటలా భోజనం ఉండే ఫుల్ బోర్డ్‌లో పానీయాలు సాధారణంగా కలవవు. మీవారిలాంటి భోజనప్రియులు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘ప్లాన్‌లో ఎన్ని రెస్టారెంట్లు వస్తాయి, రోజూ అదే బఫేనా?’

సీప్లేన్లు పగలే ఎగురుతాయి. మధ్యాహ్నం మూడున్నర దాటాక మాలేలో దిగితే ఆ రోజు అందడం కష్టం. రాత్రి విమానాశ్రయం దగ్గరున్న హుల్హుమాలేలో గడిపి, రిసార్టులో ఖాళీ గదికి కూడా డబ్బు కట్టాల్సి వస్తుంది. అందుకే ముందు విమానం టైము, తర్వాతే రిసార్టు. నాలుగు రాత్రులూ నీళ్ల మీదే ఉండక్కర్లేదు. మొదటి రెండు బీచ్ విల్లాలో, చివరి రెండు నీటి విల్లాలో ఉంటే ఖర్చు తగ్గుతుంది, తేడా కూడా తెలుస్తుంది. సూర్యాస్తమయం వైపుదా కాదా, పగడపు దిబ్బ దాకా ఈదుకుంటూ వెళ్లగలమా అన్న రెండూ ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఇసుక మీద దీపాల మధ్య ఇద్దరికే భోజనం అంటారే, దానికి ఆశపడండి గానీ ఎక్కువగా కాదు. వంటగది దూరం, గాలికి పదార్థాలు చల్లారిపోతాయి. మాల్దీవుల్లో ఏడాది పొడుగునా ఆరింటి ప్రాంతంలోనే పొద్దు గుంకి త్వరగా చీకటి పడుతుంది కాబట్టి టేబుల్ అయిదున్నరకు అడగండి. చల్లారినా బాగుండేవి ఎంచే బాధ్యత మీవారికి అప్పగించండి, హుషారుగా చేస్తారు.

ఎక్కడికెళ్లినా మూడో రోజు ఒక పూట విడివిడిగా గడపండి. ఆయన వంట క్లాసుకో మార్కెట్‌కో వెళ్తారు, మీరు పుస్తకంతో నీళ్ల ఒడ్డున. సెలవుల్లో గొడవలు ఎక్కువగా ఆ రోజుల్లోనే మొదలవుతాయి, ఒకరి ముఖం ఒకరు ఏకధాటిగా చూస్తూ అలిసిపోయి. పిల్లలకు రోజుకు ఒకే ఫోను, వాళ్లు అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు కాకుండా. నిద్రవేళ అమ్మ గొంతు వింటే చిన్నవాళ్లు ఏడుస్తారు, మీ అమ్మగారికి ఆ రాత్రి జాగారమే.