పని అంతా అత్తది, మాట మాత్రం చెల్లదు

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 36 ఏళ్ళు. భర్తతో విడిపోయాక నాన్న కట్టిన ఇంట్లోనే అన్నావదినలతో ఉంటున్నాను. నాన్న, అమ్మ ఇద్దరూ లేరు. అన్నకు బెంగళూరులో పని, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారకముందే పోతాడు. వదిన బట్టల షాపులో లెక్కలు చూస్తుంది. పొద్దున తొమ్మిదిన్నరకు పోతే వచ్చేసరికి రాత్రి తొమ్మిది. ఆరేళ్ళ పెద్ద పాపను, 20 నెలల చిన్న పాపను నేనే చూసుకుంటాను. ముందు రోజుకు మూడు జాకెట్లు కుట్టేదాన్ని, ఇప్పుడు ఒకటి కావడమే గగనం. పెద్దదానికి ఏమన్నా చెబితే ‘నువ్వేమన్నా మా అమ్మవా?’ అంటుంది. చిన్నది పాలు తప్ప ఏదీ నోట పెట్టదు, నన్ను వదిలి వాళ్ళమ్మ దగ్గరికి పోదు. దానికి వదిన ముఖం ముడుచుకుంటుంది. మొన్న జ్వరమొస్తే నేను మందు పోసిన సంగతి తెలియక ఆమె మళ్ళీ పోసింది, పెద్ద గొడవైంది. హాస్టల్‌లో చేరిపోదామా అనిపిస్తోంది. పోతే బిడ్డలేమవుతారోనని భయం.

జవాబు: మీరు నాలుగైదు బాధలు రాశారు. అన్నిటికీ వేరు ఒకటే. వారానికి ఆరు రోజులు, రోజుకు పదకొండున్నర గంటలు, అంటే 69 గంటలు బిడ్డలు మీ చేతిలో ఉంటారు. ఆ గంటల్లో ఏది మీ ఇష్టం, ఏది వదినను అడగాల్సిన విషయం అని మీ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ‘అత్తే కదా, చూసుకుంటుందిలే’ అని మొదలైంది, అలాగే నడుస్తోంది. కాబట్టి వదిన మంచిదా చెడ్డదా అన్న లెక్క ఈ పూటకు పక్కన పెట్టండి.

ముందు ముగ్గురూ కూర్చోవాలి. ఆదివారం మధ్యాహ్నం, బిడ్డలు నిద్రపోయాక. వారం మధ్యలో అన్నకు ఫోన్ చేసి ‘వదిన ఇట్లా అంది’ అని మాత్రం చెప్పకండి. రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి చేయగలిగింది భార్య మీద ఫోన్లో అరవడం ఒక్కటే. ఆ అరుపు ఖరీదు మరునాడు మీరే కడతారు. మన వైపు వదినా ఆడబిడ్డల మధ్య చెడే సంబంధాల్లో సగం ఈ ఫోన్ల వల్లే చెడతాయి.

మాట ఎట్లా ఎత్తాలంటే, లెక్కతో. రోజుకు రెండు జాకెట్లు తగ్గితే నెలకు 26 పనిదినాలకు 52. మీ కుట్టుకూలితో దాన్ని గుణించి, ఆ అంకె కాగితం మీద రాసి చూపించండి. ‘నేను ఇంత చేస్తున్నా, ఎవరికీ కనపడదు’ అంటే ఏడుపులా వినిపిస్తుంది. అంకెతో ఎవరూ వాదించలేరు. ఆ తర్వాత మూడు అడగండి: చిన్నది పడుకునే రెండు గంటలూ కుట్టుకు వదిలేయాలి, అంటే ఆ సమయంలో వంటా గిన్నెలూ మీ మీద పడకూడదు, ఆదివారం బిడ్డలు పూర్తిగా తల్లిదండ్రుల పని, నెలకు ఇంత అని మీ బ్యాంకు ఖాతాలో పడాలి. చేతికి ఇస్తే అది ఇంటి కూరగాయల్లో కలిసిపోతుంది. ‘సొంత అన్న బిడ్డలకు డబ్బులు తీసుకుంటావా’ అంటే నొచ్చుకోకండి. బిడ్డలను చూసినందుకు అడగడం లేదు, కుట్టు ఆగినందుకు అడుగుతున్నానని చెప్పండి. ఇంకో మాట. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి, ఇల్లు ఆయన స్వార్జితమైతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురిగా మీకూ కొడుకుతో సమానంగా వాటా ఉంటుంది. ఇది ఆదివారం ఎత్తాల్సిన మాట కాదు. ఒకరి దయ మీద ఉన్నానన్న బెరుకు లేకుండా కూర్చోవడానికే చెబుతున్నాను.

పెద్ద పాప మాట సంగతి. ఆరేళ్ళ పిల్ల ఆ మాట ఎక్కడో విని ఉంటుంది, లేదా మీరిద్దరూ ఒకరి మాట ఒకరు కొట్టేయడం చూసి తనే కనిపెట్టి ఉంటుంది. ‘అవును, నేను అత్తనే. స్నానం మాత్రం ఇప్పుడే’ అని మామూలు గొంతుతో చెప్పి పని సాగించండి. ‘ఇంత చేస్తే నన్నే అంటావా’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆ మాటకు ఎంత బలముందో దానికి తెలిసిపోతుంది, రోజూ వాడుతుంది. అయితే అసలు మందు వదిన చేతిలో ఉంది. ‘నేను ఇంట్లో లేనప్పుడు అత్త మాటే నా మాట’ అని బిడ్డ ముందే ఆమె చెప్పాలి. మీరు వద్దన్న చాక్లెట్టు, ఫోను ఆమె రాత్రి వచ్చి చేతిలో పెడితే ఈ మాట మూడు రోజులు కూడా నిలవదు. అందుకని ఫోను ఎంతసేపు, తీపి ఎప్పుడు, పడుకునేది ఎన్నింటికి అన్న మూడే నియమాలు ఇద్దరూ కలిసి పెట్టుకోండి. ఎక్కువ పెడితే ఏదీ నిలవదు. రెండేళ్ళ లోపు కాబట్టి చిన్నదానికి ఫోను అసలే వద్దు, అన్నం తినిపించడానికి కూడా.

చిన్నది తినకపోవడానికి కారణం చాలావరకు పాలే. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు. సీసాతో ఐదారుసార్లు తాగితే కడుపు నిండిపోయి ఆకలి పుట్టదు. పాలలో ఇనుము దాదాపు లేనట్టే కాబట్టి రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఆకలి ఇంకా చస్తుంది. ఒక్కసారిగా మాన్పించకండి. మూడు రోజులకొక సీసా చొప్పున తగ్గిస్తూ, పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు మిగలనివ్వండి. ముందుగా ఆపాల్సింది మధ్యాహ్నం అన్నానికి ముందు ఇచ్చే సీసా. తిండికి ముందు గంటన్నర నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకండి. పూటకు ముప్పావు నుంచి ఒక కప్పు, 250 మిల్లీలీటర్ల కప్పు లెక్కన, రోజుకు మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్ళు ఈ వయసుకు సరిపోతాయి. మెత్తని రాగి సంగటిలో పలుచని ఆకుకూర పప్పు, నెయ్యి, గుడ్డు, పెరుగన్నం. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ మాత్రం గుక్కెడు కూడా వద్దు, అది ఆ ఇనుమును పట్టనివ్వదు. ఇరవై నిమిషాల్లో తిన్నంత తిన్నట్టు, పళ్ళెం తీసేయండి. మొదటి నాలుగైదు రోజులు ఏడుస్తుంది. ఆ రోజుల్లో జాలిపడి వదిన రాత్రి సీసా పట్టిందంటే మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి ఇది కూడా ఆదివారం మాటల్లోనే తేలాలి.

మన ఇళ్ళలో చెనక్కాయలు ఎప్పుడూ గంపలోనే ఉంటాయి. నాలుగేళ్ళు నిండేదాకా గింజలు గింజలుగా పెట్టకండి, పొడి చేసి కలపండి. గింజ ఊపిరిగొట్టంలోకి పోతే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ దగ్గలేక, గొంతు పెగలక ఉంటే ముందుకు వంచి వీపు మీద రెండు భుజాల ఎముకల మధ్య, మణికట్టు పక్కనుండే అరచేతి గట్టి భాగంతో ఐదు దెబ్బలు, గింజ బయటికి రాకపోతే వెనుక నుంచి పట్టుకొని బొడ్డుకు పైన ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కాలి. కనపడని దానికోసం వేలు పెట్టి కెలకకూడదు. వెంటనే 108. మీ కుట్టు మిషను దగ్గర గుండీలకు, హుక్కులకు ఇదే జాగ్రత్త. కుట్టు ఆపగానే మోటారు ప్లగ్గు పీకేయండి, కింద పడ్డ గుండుసూదులను ఒక అయస్కాంతంతో ఏరేయండి.

జ్వరం మందు గొడవలో తప్పు ఎవరిదో తేల్చే పని లేదు, రాసుకోకపోవడమే తప్పు. పారాసిటమాల్ బిడ్డ బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 250 అని ఉంటే 3 మిల్లీలీటర్లు, 125 అని ఉంటే 6. చుక్కల మందు మిల్లీలీటరుకు 100 ఉంటుంది కాబట్టి ఒకటిన్నరే. ఒకరు తెచ్చిన సీసా కొలతతో ఇంకొకరు తెచ్చింది పోస్తే సగమో, రెట్టింపో, చుక్కల మందైతే నాలుగింతలో కూడా అవుతుంది. ఇంట్లో ఒకే రకం సీసా ఉంచండి. పోసిన టైమూ కొలతా ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో రాయండి. ఆరు గంటల ఎడం, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకూడదు. బిడ్డ ఏమీ తాగకున్నా, ఎగశ్వాస వచ్చినా, ఫిట్స్ వచ్చినా ఎవరి అనుమతికీ ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఈ అధికారం మీకుందని అన్నావదినలు ముందే చెప్పాలి.

చిన్నది వాళ్ళమ్మ దగ్గరికి పోకపోవడం సహజం, పగలంతా చూసేది మిమ్మల్ని. పడుకోబెట్టే పని రోజూ వదినకు ఇవ్వండి, ఆ అరగంట మీరు కంటికి కనపడకుండా డాబా మీదికి పోండి. ఏడుపు వినపడగానే పరుగెత్తితే ఆ తల్లీబిడ్డలకు అలవాటయ్యే వీలే ఉండదు. రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈలోపు వదిన ముఖం ముడుచుకున్నా దాన్ని మీ మీద కోపంగా లెక్కపెట్టకండి. పదకొండున్నర గంటలు బయట పని చేసి వచ్చాక సొంత బిడ్డ చేతులు చాచకపోతే ఎవరికైనా అంతే ఉంటుంది.

హాస్టల్ ఆలోచన రెండు నెలలు ఆపండి. అనుకున్నవి జరగకపోతే హాస్టల్ కంటే అదే వీధిలో చిన్న గది మేలు: మీ మిషను మీతో ఉంటుంది, బిడ్డలకు నడిచొచ్చే దూరం. పోవాల్సి వస్తే నెల ముందు చెప్పి, చిన్నదాన్ని వేరొకరికి రోజూ రెండు గంటలు అలవాటు చేసి పోండి. మనోవర్తి ఇంకా తేలకుంటే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. నిద్ర పట్టకుండా రోజులు గడుస్తుంటే మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఆదివారం కూర్చున్నప్పుడే ఇద్దరి టీకా కార్డులూ తీయండి. వదిన మీరు చూశారనుకుంటుంది, మీరు వదిన చూసిందనుకుంటారు. చిన్నదానికి 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం టీకా) మొదటి బూస్టరు, పోలియో బూస్టరు, తట్టు-రుబెల్లా రెండో డోసు పడాలి. పెద్దదానికి 5 నుంచి 6 ఏళ్ళ మధ్య పడాల్సిన డీపీటీ రెండో బూస్టరు పడిందో లేదో కార్డులో చూసి, లేకపోతే టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంను అడిగి వేయించండి.