హీటర్ రాడ్డు మీద 1500 వాట్లు, మీటరులో 918 వాట్లు: ఏది నిజం?

ప్రశ్న: మా ఇంట్లో నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డు మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉంది. సాయంత్రం వోల్టేజి 180కి పడిపోయినప్పుడు ఎలక్ట్రీషియన్ టంగ్ టెస్టర్ పెట్టి చూస్తే 5.1 ఆంపియర్లు చూపించింది. వోల్టేజి తగ్గితే కరెంటు ఎక్కువ లాగి బిల్లు పెరుగుతుందని మా ఊళ్లో అందరూ అంటారు. దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ దగ్గరున్న రెండు కొలతలే ఈ సందేహాన్ని తీరుస్తాయి. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది, రెండింటినీ గుణిస్తే విద్యుత్ సామర్థ్యం వస్తుంది. 180ని 5.1తో భాగిస్తే 35.3 ఓమ్‌లు, గుణిస్తే 918 వాట్లు. ఇక రాడ్డు మీద అచ్చువేసిన అంకెలను తీసుకుంటే, 1500ని 230తో భాగించగా 6.52 ఆంపియర్లు, 230ని ఆ 6.52తో భాగించగా మళ్లీ అవే 35.3 ఓమ్‌లు. వోల్టేజి మారినా మారనిది ఈ నిరోధమే. రాడ్డు లోపల చుట్టిన నిక్రోమ్ తీగ పొడవును, మందాన్ని బట్టి అది తయారీలోనే స్థిరపడిపోతుంది. తీగ వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు, హీటర్లకు నిక్రోమ్‌ను ఎంచుకోవడానికి అదొక ముఖ్య కారణం. కాబట్టి 1500 వాట్లు అన్నది 230 వోల్టులు అందినప్పటి మాట. వోల్టేజి 22 శాతం పడిపోతే కరెంటు కూడా అంతే పడిపోయి, రెండూ కలిసి సామర్థ్యాన్ని దాదాపు 39 శాతం తగ్గించేస్తాయి.

అలాగని మీ ఊరివారి మాటను కొట్టిపారేయలేము, ఎందుకంటే అది బోరు మోటారును చూసి పుట్టిన మాట. నీటిని పైకి తోడే పని తగ్గదు కనుక, వోల్టేజి పడిపోయినప్పుడు మోటారు ఆ లోటును ఎక్కువ కరెంటుతో పూడ్చుకుంటుంది. వైండింగు వేడెక్కి కాలిపోయేది అందుకే. మోటారు విషయంలో వోల్టేజిని కరెంటుతో గుణించినంత మాత్రాన అసలు వాట్లు రావు, ఆ లబ్ధాన్ని పవర్ ఫ్యాక్టరుతో, అంటే ఆ లబ్ధంలో నిజంగా ఖర్చయ్యే వాట్ల వంతుతో, కూడా గుణించాలి. రాడ్డుకు ఆ చిక్కు లేదు.

బిల్లు సంగతి చూద్దాం. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.35 యూనిట్ కావాలి. ఆ పని 1500 వాట్ల దగ్గర 14 నిమిషాల్లో, 918 వాట్ల దగ్గర 23 నిమిషాల్లో అవుతుంది. ఆలస్యమైన కొద్దీ బకెట్ నుంచి గాలిలోకి పోయే వేడి కొంచెం ఎక్కువ కనుక యూనిట్లు స్వల్పంగా పెరగవచ్చు, అంతకు మించి తేడా ఉండదు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. పూర్తి వోల్టేజి ఉన్నప్పుడు మీ రాడ్డు 6.52 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టకండి, 16 ఆంపియర్ల సాకెట్ వాడండి. ప్లగ్గు పిన్ను వదులై ఆ అతుకు దగ్గర అర ఓమ్ నిరోధం ఏర్పడినా, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించి చూస్తే 21 వాట్ల వేడి శనగగింజంత చోట పుడుతున్నట్టు లెక్క. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, కమురు వాసన వస్తే కారణం అదే. ప్లగ్గును, సాకెట్‌ను వెంటనే మార్పించండి.

ప్రశ్న: 100 వాట్ల ఫిలమెంట్ బల్బును మల్టీమీటరుతో కొలిస్తే 40 ఓమ్‌లే చూపింది. 230 వర్గాన్ని 40తో భాగిస్తే 1322 వాట్లు వస్తున్నాయి. మల్టీమీటరు పాడైందా?
– పదో తరగతి విద్యార్థిని, అనంతపురం

జవాబు: మల్టీమీటరు బాగానే ఉంది తల్లీ, నీ గుణకారం కూడా సరైనదే. 1827లో జర్మనీలో గేయార్గ్ సైమన్ ఓమ్ ప్రచురించిన నియమాన్ని నీ పాఠంలో చదివేటప్పుడు, ఉష్ణోగ్రత స్థిరంగా ఉండాలన్న షరతు చదివే ఉంటావు. నువ్వు కొలిచింది చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగను. వెలిగే బల్బులో ఆ తీగ 2000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కి, దాని నిరోధం 529 ఓమ్‌లకు పెరుగుతుంది. 230 వర్గాన్ని 529తో భాగించి చూడు, సరిగ్గా 100 వస్తుంది. స్విచ్ వేసిన క్షణంలో మాత్రం తీగ ఇంకా చల్లగానే ఉంటుంది కనుక మామూలుకన్నా ఎన్నో రెట్ల కరెంటు దూసుకుపోతుంది, పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేయగానే మాడిపోవడానికి కారణం అదే.

ఇంటి కరెంటుతో దీన్ని పరీక్షించవద్దు. ఫిలమెంట్ ఉన్న చిన్న టార్చిబల్బు ఒకటి తీసుకో, ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. మొదట ఒక బ్యాటరీతో, తర్వాత రెండింటితో వెలిగించి, ప్రతిసారీ బల్బు కొసల మధ్య వోల్టేజిని, దానిలో పోయే కరెంటును కొలిచి భాగహారం చెయ్యి. రెండో నిరోధం మొదటిదానికన్నా ఎంత పెరిగిందో మాకు రాసి పంపు.